కనుమలో దగ్గిన కారు

గువ్వలచెరువు కనుమలో మూడో మలుపు తిరిగాక మా వకీలు గారు నల్లకోటు విప్పి సీటు మీద పడేసి, పంచె ఎగ్గట్టుకుని, కారు చక్రం కింద పెట్టడానికి రాయి వెతుక్కుంటూ పోయిన దృశ్యం నేను చచ్చేదాకా మరిచిపోను. కడప కోర్టులో ఆయన లేచి నిలబడితే ఎదుటి ప్లీడరుకు గొంతు తడారిపోయేది. అంతటి మనిషి తొమ్మిది గంటలకే నిప్పులు చెరిగే ఎండలో ముళ్ళకంపల మధ్య వంగి, ఒక గుండు మోసుకుని రొప్పుతూ వస్తున్నాడు. నేను దిగడానికి లేదు. చేతి బ్రేకు ఆ ఏటవాలుకు ఆగదు, కాలు తీస్తే బండి వెనక్కి జారుతుంది, వెనక లోయ. అందుకని జీతగాడు దొరలా కూర్చున్నాడు, యజమాని రాళ్ళు మోస్తున్నాడు. ఛీ, ఏం బతుకురా అనిపించింది.

రెండో ప్రపంచ యుద్ధం రాకముందు మాట ఇది. కడప మొత్తం మీద కార్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మా వకీలు గారిది గుడ్డ టాపు వేసిన పెద్ద కారు. దానికి వచ్చిన రోగం చెప్తాను వినండి. నిలబెట్టి ఉంచితే ఇంజను చక్కగా తిరుగుతుంది. చదును రోడ్డు మీద నిదానంగా తోలితే పిల్లిలా పోతుంది. యాక్సిలేటరు గట్టిగా తొక్కామా, చచ్చామే! ఒక్క క్షణం ఏమీ ఉండదు. తొక్కింది నేనేనా, ఇంకెవరి కాలో తొక్కిందా అన్నట్టు ఉలుకూ పలుకూ ఉండదు. తర్వాత ముందుభాగం నుంచి ఒక దగ్గు. తర్వాత ఒక కుదుపు. ఇంకా తొక్కితే ఇంజను ఆగిపోవడమే. చదునులో అయితే సర్దుకోవచ్చు. కనుమలో యాక్సిలేటరు తొక్కకుండా ఎక్కేది ఎట్లా?

నాలుగు చోట్ల ఆగి, ఇంజను చల్లారేదాకా కూర్చుని, మళ్ళీ దేకి, రాయచోటి చేరేసరికి కేసు పిలవడం అయిపోయింది. వాయిదా సోమవారానికి వేశారు. వకీలు గారు కోర్టు మెట్లు దిగి వచ్చి, నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే తేలిపోయేది. మెల్లగా అన్నాడు.

"వచ్చే సోమవారం మళ్ళీ ఈ కనుమ ఎక్కల్ల. ఆ పొద్దు గూడా ఇట్లనే నిలబడితే మద్రాసు నుంచి డ్రైవర్ని పిలిపిస్తా. నువ్వు పోయి మీ నాయన పక్కన మగ్గంలో కూచోవచ్చు."

నా గుండె జారి కాళ్ళలో పడింది. డ్రైవరు పని పోతుందని కాదు. మగ్గం అన్నాడే, అందుకు.

మాది పెన్న ఒడ్డున నేత ఊరు. పుట్టినప్పటి నుంచి నా చెవుల్లో మగ్గం చప్పుడే. మా మగ్గాలు నేల మీద గుంట తవ్వి వేసినవి. గుంటలోకి కాళ్ళు వదిలి, నడుము వంచి, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా కూర్చోవాలి. మా నాయన ముప్పై ఏళ్ళు అట్లా కూర్చున్నాడు. నేను అరగంట కూర్చుంటే నాకు పిచ్చెక్కేది. కాలికింద పలక తొక్కడం మానేసి వీధిలోకి ఎవరు పోతున్నారో చూసేవాణ్ణి, పోగు తెగేది, నాయన చెయ్యి నా వీపున పడేది. ఒకచోట కుదురుగా ఉండలేకపోవడం నాకు పుట్టుకతో వచ్చింది. దానికి తోడు కోపం ముక్కు మీదే ఉండేది, నోరు మెదడు కంటే ముందు నడిచేది. ఇటువంటివాడు చీర నేస్తే ఆ చీర ఎవరు కట్టుకుంటారు? పద్దెనిమిదో ఏట ఇంట్లో చెప్పకుండా కడపకు నడిచి వచ్చి వకీలు గారి కారు కడిగే పనిలో కుదిరాను.

నాకు తోలడం నేర్పింది ఆ కారు పాత డ్రైవరు. సాయిబు. అరవై దాటినవాడు. అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు, నేనూ అట్లాగే పిలిచేవాణ్ణి. నాలుగేళ్ళు నా నోటి దురుసు భరించి, గేరు మార్చడం దగ్గర నుంచి ఇంజను విప్పి బిగించడం దాకా అన్నీ నేర్పాడు. తిట్టడం ఆయనకు రాదు. నేను బుసకొడితే "నిదానం అబ్బీ" అనేవాడు, అంతే. ఆఖరుకు ఆయన కళ్ళకు పొరలు కమ్మాయి. ఎదురుగా ఎద్దుబండి వస్తే బండి ఉందని తెలిసేది, ఎటుపక్క ఉందో తెలిసేది కాదు. ఒకరోజు తానే వకీలు గారి దగ్గరికి పోయి, "నాతో కాదు అయ్యా, ఈ పిల్లోడు తోల్తాడు" అని చెప్పి తాళం నా చేతిలో పెట్టాడు. వకీలు గారు ఆయన్ని పొమ్మనలేదు. రోజూ వచ్చి షెడ్డులో బల్ల మీద కూర్చునేవాడు, ఇంజను చప్పుడు విని నాకు ఒకటీ అరా చెప్పేవాడు.

తాళంతో పాటు నాకు ఒక మెత్తని తోలు ముక్క కూడా ఇచ్చాడు. ఆ కాలంలో పెట్రోలు రేకు డబ్బాల్లో వచ్చేది. డబ్బాలో దుమ్ము, తుప్పు ఉంటాయని గరాటులో తోలు పరిచి, దాని గుండా వడగట్టి ట్యాంకులో పోసేవాళ్ళం. ఈ సంగతి నేను ఊరికి పోయినప్పుడు గొప్పగా చెప్పాను. చెప్పకపోయినా బాగుండేది. మా అమ్మ ఎగిరిపడింది.

"తోలు ముట్టిన చేత్తో పడుగు దగ్గరికి రావద్దు! ఆడనే నిలబడు, చేతులు కడుక్కో!"

మా ఇండ్లలో నూలంటే దేవుడు. తోలు చేతితో దాన్ని ముట్టేది లేదు. నాయన మాత్రం ఏమీ అనలేదు. నేను ఇల్లు విడిచిన రోజు నుంచి నాతో సరిగ్గా మాట్లాడని మనిషి ఆయన. పదిరోజుల తర్వాత కడపకు నడిచి వచ్చి, షెడ్డు బయట నిలబడి, చంకలోంచి ఒక బట్ట తీసి ఇచ్చాడు. మూర పొడుగు. దట్టమైన నేత. గంజితో గట్టిగా, ఫెళఫెళమంటూ ఉంది.

"నువ్వు బండి తోల్తాండావని విన్నా. దీంట్లో వడగట్టు. దుమ్ము గాదు గదా, దోమ రెక్క గూడా దూరదు. తోలు వద్దు."

అంతే అన్నాడు. నీళ్ళయినా తాగకుండా వెళ్ళిపోయాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాలుగేళ్ళ తర్వాత నా పనిని పని అని ఒప్పుకున్నాడు గదా! తోలు ముక్కను షెడ్డు పైకప్పులో దూర్చి, ఆ రోజు నుంచి పెట్రోలు నాయన బట్టలోనే వడగట్టాను. ఉస్తాద్‌కు చెప్పలేదు. ఆయన ఇచ్చిన తోలు మా అమ్మ ముట్టవద్దందని ఏ మొహంతో చెప్పను? ఆయన కళ్ళకు ఎట్లాగూ కనపడదు కదా అనుకున్నాను.

ఇంతకూ, రాయచోటి నుంచి వచ్చిన మర్నాడే ఇంజను మీద పడ్డాను. ప్లగ్గులు విప్పి మసి గీకాను. కరెంటు పాయింట్లు ఆకురాయితో రుద్దాను. యాక్సిలేటరు పెడల్ నుంచి కార్బొరేటరు దాకా పోయే కడ్డీ ఎక్కడైనా పట్టేసిందేమోనని కారు కిందకు దూరి, వీపంతా మట్టి చేసుకుని, ప్రతి కీలుకూ నూనె వేశాను. కడ్డీ వెన్నలా కదులుతోంది. రోగం అట్లాగే ఉంది. చివరకు కార్బొరేటరు విప్పి, పెట్రోలు పోయే సన్నటి జెట్టు తీసి, నోట్లో పెట్టుకుని ఊదాను. ఏదో ఉమ్మినట్టు అయింది. బిగించి తొక్కితే, ఆహా! తొక్కీ తొక్కకముందే ఇంజను గర్జించింది. నేను షెడ్డులో గంతులేశాను.

"దొరికింది ఉస్తాద్! జెట్టులో చెత్త!"

"ఆ చెత్త యాడి నుంచి వచ్చినాదో చూడబ్బీ" అన్నాడు ఆయన బల్ల మీద నుంచి.

"పోయింది గదా, యాడి నుంచి వస్తే ఏమి!"

ఇంకో రెండు డబ్బాలు వడగట్టి పోసి పెన్న వంతెన వైపు తోలాను. నాలుగు మైళ్ళు చక్కగా పోయింది. ఐదో మైలులో తొక్కితే మళ్ళీ దగ్గు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నడిరోడ్డు మీద దిగి చక్రాన్ని ఒక తన్ను తన్నాను. చక్రానికేం, నా బొటనవేలే వాచింది.

బుధవారం అంతా అదే వరస. విప్పడం, ఊదడం, బాగవడం, పెట్రోలు పోయడం, మళ్ళీ దగ్గు. అన్నం సయించలేదు. కాలుగాలిన పిల్లిలా షెడ్డు చుట్టూ తిరిగాను. ఉస్తాద్ ఒకటికి రెండుసార్లు, "కొంచెంసేపు కూచో, నిదానంగా ఆలోచన చేద్దాం" అన్నాడు. ఆ కూచో అనే మాట వింటేనే నాకు మగ్గం గుంట కనిపించింది. "నువ్వు కూచో ఉస్తాద్, నీకేం పని!" అని కసిరాను. సరిగ్గా అప్పుడే వకీలు గారు అరుగు మీదకు వచ్చాడు.

"ఏమయ్యా, రోగం దొరికిందా?"

దొరకలేదు అంటే సరిపోయేది. నా నోరు ఊరుకుంటుందా?

"ఎట్ల దొరుకుతాది అయ్యా? కండ్లు కనపడని మనిషి చేతిలో ఇన్నాళ్ళు ఉండె బండి. లోపల ఏం బిగించినాడో, ఏం వదిలేసినాడో ఆయనకే తెలీదు. చెడిపోయిన ఇంజను తెచ్చి నా నెత్తిన పెట్టినాడు."

ఉస్తాద్ నాకు ఐదడుగుల దూరంలో ఉన్నాడు. ఆయన చెవులకేమీ పొర లేదు.

వకీలు గారు బల్ల వైపు తిరిగి, "ఇంక నువ్వు ఆ బండి మీద చెయ్యి వెయ్యొద్దు" అన్నాడు ఉస్తాద్‌తో.

"అట్లే అయ్యా" అని ఆయన చేతికర్ర తడుముకుని లేచాడు. గేటు దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ పోయాడు. నేను తల ఎత్తలేదు. చేతిలో ఉన్న రెంచీని తిట్టుకుంటూ ఏదో బోల్టు బిగిస్తున్నట్టు నటించాను. మర్నాడు బల్ల ఖాళీగా ఉంది. శుక్రవారమూ అంతే.

ఆ మూడు రోజులూ నేను మనిషిని కాదు. పెట్రోలు అమ్మేవాడితో కిరసనాయిలు కలిపావని గొడవ పెట్టుకున్నాను. వాడు నా ఎదుటే ఒక చుక్క వేలిమీద వేసుకుని ఆరబెట్టి, జిడ్డు లేదని చూపించి, నాలుగు మాటలు అన్నాడు. పడ్డాను. ఇంజను కవాటాలు చూశాను, గొట్టాలన్నీ ఊడదీశాను, ఒకసారి బిగించిన దాన్నే మళ్ళీ బిగించాను. ఒక పని మొదలుపెట్టి సగంలో వదిలేసి ఇంకోటి. సోమవారం దగ్గర పడేకొద్దీ కళ్ళు మూస్తే గుంటలోకి దిగుతున్న నా కాళ్ళే. ఆదివారం పొద్దునకు ఇంక చేసేది ఏమీ మిగలలేదు. సిగ్గు చంపుకుని మసీదు వెనక సందులో ఉన్న ఉస్తాద్ ఇంటికి పోయాను.

ఆయన ఒంటరిగానే ఉండేవాడు. భార్య పోయింది, ఒక్క కూతురు కర్నూలులో కాపురం చేస్తోంది. నేను గడప దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాను.

"రా అబ్బీ. కూచో."

"కూచునే టైము లేదు ఉస్తాద్. రేపు సోమవారం."

"కూచుంటేనే చెప్తా."

చాప మీద కూర్చున్నాను. నా మోకాలు దానంతట అదే ఎగురుతోంది. ఆయన చెయ్యి చాపి తడిమి మోకాలి మీద పెట్టాడు. "ఇది నిలిచినాక మాట్లాడదాం" అన్నాడు. ఆ రోజు నేను అన్న మాట గురించి ఆయన ఒక్క ముక్క ఎత్తలేదు. నాకే ఆ మాట ఎత్తి క్షమించమని అడగాలని ఉంది. నోరు రాలేదు. మోకాలు నిలిచేసరికి బాగానే సేపు పట్టింది.

"జెట్టు ఊదినాక బాగైతాంది. అవునా?"

"అవును."

"మళ్ళీ ఎప్పుడు చెడిపోతాంది? తేదీ గాదు నేనడిగేది. ఏం చేసినాక?"

నేను ఆలోచించాను. ఆ వారంలో కూర్చుని ఆలోచించడం అదే మొదటిసారి. మంగళవారం రెండు డబ్బాలు పోశాక. బుధవారం పోశాక. నిన్న కూడా పోశాకే.

"పెట్రోలు పోసినాక."

"అట్లయితే రోగం బండిలో లేదు. నువ్వు పోసేదాంట్లో ఉండాది. డబ్బా మూత తీసినాక ట్యాంకులో పడేలోపల ఏమేం తగుల్తాదో వరుసగా చెప్పు."

"డబ్బా మూతి. గరాటు." ఆగిపోయాను.

"గరాటులో తోలు" అన్నాడు ఆయనే.

చూపు ఆననివాళ్ళు మౌనం బాగా వింటారు. "తోలు యాడ పెట్టినావు?" అని అడిగాడు. ఇంక దాచి లాభం లేదని అమ్మ మాట, నాయన బట్ట, పైకప్పు, అన్నీ కక్కేశాను. ఆయన ముఖం కొంచెం ముడుచుకుంది. "నా చేత్తో ఇచ్చినాను గదా అబ్బీ, ఒక మాట చెప్తే ఏమైతాండె" అన్నాడు. తర్వాత కర్ర కోసం చెయ్యి చాపాడు. "పద."

షెడ్డుకు వచ్చాక ఆయన కారుకు రెండడుగుల దూరంలో నేల మీద కూర్చున్నాడు. "అయ్యా ముట్టుకోవద్దన్నాడు. నేను ముట్టను. నువ్వు విప్పు. కార్బొరేటరు గిన్నె అడుగున ఏముండాదో చేతిలోకి వంచుకో."

వంచాను. పెట్రోలు వేళ్ళ సందుల్లోంచి కారిపోయింది. అరచేతిలో చిటికెడు తెల్లటి మడ్డి మిగిలింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దాను. జారింది. కొంచెం అంటుకుంది. ఈ స్పర్శ నాకు తెలుసు. నడక రాకముందు నుంచి తెలుసు. మా వీధిలో పొద్దున్నే పడుగులు సాచి, కుంచెలతో వాటికి పూసేటప్పుడు నా ఒళ్ళంతా చిందేది అదే.

"ఏముండాది?" అన్నాడు ఉస్తాద్.

"గంజి" అన్నాను.

మా నేతవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. కొత్త పనికి ఇచ్చే బట్టకు నీళ్ళు తగలకూడదు. తడిస్తే అది కట్టి విడిచిన బట్టతో సమానం. గంజి గలగలలాడుతుంటేనే అది మర్యాద. అందుకే నాయన ఉతకకుండా ఇచ్చాడు, నేనూ ఉతక్కుండానే వాడాను. ఉతుకుదామన్న ఊహే నా బుర్రకు తట్టలేదు. మడిచి విప్పి, మడిచి విప్పి, రోజూ దాని గంజి పొడిగా రాలి పెట్రోలులో పడింది. ఇంకొకడి ఇంట్లో పుట్టినవాడైతే ఏదో పాత పంచె చింపి వాడేవాడు, ఈ పీడ ఉండేది కాదు.

ఉస్తాద్ మొదట ఉలిక్కిపడ్డాడు. తర్వాత భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు.

"ఇరవై ఏండ్ల పైన తోలినా. ఇంజనుకు గంజి తాపిన మొగోన్ని నిన్నే చూస్తాండా! పథ్యం పెట్టినావా ఏమి దానికి?"

నాకూ నవ్వొచ్చింది. వారం రోజుల తర్వాత నవ్వు. ఆయన వివరంగా చెప్పాడు. "పెట్రోల్లో గంజి కరగదు, పొడిగానే ఉంటాది. అయితే డబ్బాల అడుగున నీల్లు ఉంటాయి. తోలు నీల్లను ఆపుతాది, బట్ట ఆపదు. నీల్లూ గంజీ కలిసి గిన్నెలో ముద్దయితాండాది. నిదానంగా పోయేటప్పుడు ఇంజనుకు ఎక్కువ పెట్రోలు వద్దు, సరిపోతాండాది. గట్టిగా తొక్కితే ఎక్కువ కావల్ల. జెట్టు మూసుకోని ఉంటే యాడ నుంచి వస్తాది? అందుకే దగ్గుతాండాది."

ట్యాంకు మొత్తం ఖాళీ చేశాను. గొట్టాలు, గిన్నె, జెట్టు అన్నీ విప్పి మరిగే నీళ్ళలో వేశాను. గంజి వేడినీళ్ళకు వదిలినట్టు దేనికీ వదలదని మా అమ్మ చెప్పకుండానే నాకు తెలుసు. అన్నీ ఎండలో ఆరబెట్టి, సన్నటి రాగి తీగ జెట్టులో దూర్చి చూశాను. షెడ్డు పైకప్పులోంచి తోలు తీస్తే అట్టముక్కలా బిగిసిపోయి ఉంది. "అది బండి గాదు గదా, ఇట్లియ్యి" అని ఉస్తాద్ దాన్ని తీసుకుని అరచేతుల మధ్య రుద్దుతూ కూర్చున్నాడు. మెత్తబడేదాకా వదల్లేదు. సాయంత్రం పొద్దు వాలకముందే కొత్త పెట్రోలు వడగట్టి పోసి, ఇంజను ఆడించి, యాక్సిలేటరు తొక్కాను. పాదం కదిలిందో లేదో ఇంజను పైకి లేచింది. పదిసార్లు తొక్కాను, పదిసార్లూ లేచింది. ఉస్తాద్ కళ్ళు మూసుకుని వింటూ తలాడించాడు. ఆయన కాళ్ళు పట్టుకుని మొక్కాలనిపించింది. అదీ చేయలేదు నేను.

సోమవారం పొద్దున, ఉస్తాద్‌ను ముందు సీట్లో నా పక్కన కూర్చోబెట్టుకుంటానని వకీలు గారిని అడిగాను. "చెవులు బాగుండాయి అయ్యా ఆయనకి" అన్నాను. సరే అన్నాడు. కనుమ మొదలైంది. మొదటి మలుపు, రెండోది. మూడో మలుపు దగ్గర వకీలు గారు పెట్టిన రాయి ఇంకా రోడ్డు పక్కనే ఉంది. తొక్కాను. బండి మమ్మల్ని ఎత్తుకుపోయినట్టు పోయింది. ఎక్కడా ఆగలేదు, ఒక్క దగ్గు లేదు. పైకెక్కి నీళ్ళు పోయడానికి ఆపేసరికి వకీలు గారు పసిపిల్లవాడిలా చప్పట్లు కొట్టాడు.

"శభాష్! ఇంతకీ ఏమై ఉండె దీనికి? ఎవరు చేసిన తప్పు?"

నేను చేతిలో నీళ్ళ చెంబుతో నిలబడ్డాను. నేనే అయ్యా అనాలి. గంజి బట్ట నాదే, తోలు దాచింది నేనే, ఆ మాట అన్నది నేనే. అంటే, మొత్తం వారం ఆయన్ని తిప్పలు పెట్టి, రాళ్ళు మోయించి, నింద ఇంకొకరి మీద వేసినవాణ్ణి నేనని తేలిపోతుంది. ఆ సాయంత్రమే మగ్గం గుంట. నోరు తెరవబోయాను. దేవుడి సాక్షిగా తెరవబోయాను.

ముందు సీట్లోంచి ఉస్తాద్ అన్నాడు. "నాదే అయ్యా తప్పు. కండ్లు కనపడక జెట్టు సరిగ్గా శుభ్రం చేయకుండా ఇచ్చినా. పిల్లోడు కనిపెట్టి బాగుచేసినాడు."

నేను మూసుకున్నాను నోరు. ఎవడు ఏం మాట్లాడినా మధ్యలో దూరి తగుదునమ్మా అని వాగేవాణ్ణి, ఆ ఒక్కసారి మూసుకున్నాను. చెంబులో నీళ్ళు రేడియేటరులో పోశాను. చెంబు తొణికి సగం బయట పోయాయి.

వకీలు గారు చెడ్డవాడు కాదు. "పోనీలే, ఒప్పుకున్నావు. ఇంక షెడ్డు దగ్గర నీకు పనేముండాది? ఇంటికాడ విశ్రాంతి తీసుకో" అన్నాడు ఉస్తాద్‌తో. "అట్లే అయ్యా" అన్నాడు ఆయన, ముందులాగానే. రాయచోటికి పోయాం, కేసు నడిచింది, సాయంత్రం తిరుగు ప్రయాణం. కనుమ దిగుతున్నంతసేపూ ఆయన నా పక్కనే ఉన్నాడు. ఒక్క మాట లేదు. నిద్రపోతున్నాడనుకున్నాను. అనుకోవడం నాకు సుఖంగా ఉండింది.

పక్షం రోజుల్లో కూతురు వచ్చి ఆయన్ని కర్నూలు తీసుకుపోయింది. నేను బస్సు దాకా పోయి, అడగాల్సిన మాట అడగకుండానే వెనక్కి వచ్చాను. నాయన మాత్రం కనిపించినప్పుడల్లా, "బట్ట బాగుండాదా?" అని అడిగేవాడు. "శానా బాగుండాది నాయనా" అనేవాణ్ణి. ఆయనతో ఆ అబద్ధం ఆడినందుకు నాకు బాధ లేదు. మిగతాదే నన్ను నిలవనివ్వలేదు. బండి మీద ఉన్నా నిలవలేదు, దిగినా నిలవలేదు. తొక్కిన ప్రతిసారీ ఇంజను ఠక్కున లేస్తుంటే, లోపల ఏదో ముల్లు గుచ్చినట్టు అయ్యేది.

ఏడాది తర్వాత వకీలు గారికి కర్నూలు కోర్టులో పని పడింది. దారిలో ఇంక ఉండబట్టలేక, స్టీరింగు పట్టుకుని, వెనక్కి తిరగకుండా మొత్తం చెప్పేశాను. గంజి, బట్ట, నింద, కనుమ పైన నా మౌనం. వెనక సీట్లో కాగితాలు తిప్పే చప్పుడు ఆగింది. ఇప్పుడు దిగిపొమ్మంటాడని చూశాను.

"ఆ పొద్దే చెప్పుంటే నేను నిన్నేమన్నా కొరికేవాణ్ణా?" అన్నాడు. "బండి ఎక్కింది, కేసు గెలిచినాం. తప్పు ఎవరిదైతే నాకేమయ్యా?" మళ్ళీ కాగితాలు తిప్పడం మొదలైంది.

నాకు తల కొట్టేసినట్టు అయింది. ఆయన్ని కోర్టు దగ్గర దింపి, అడుగుతూ అడుగుతూ తుంగభద్ర ఒడ్డున ఉన్న ఆ వీధికి పోయాను. ఉస్తాద్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చూపు పూర్తిగా పోయింది. కారు సందు మొదట్లో తిరగగానే నేనని గుర్తుపట్టాడు. "బాగా అందుకుంటాండాది ఇంజను" అన్నాడు. ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. వకీలు గారికి చెప్పేశానని, నన్ను క్షమించమని, వచ్చేయమని, షెడ్డులో బల్ల అట్లాగే ఉందని ఏవేవో అన్నాను. ఆయన నా తల మీద చెయ్యి వేసి నిమిరాడు. తాను రానన్నాడు. కూతురు దగ్గర బాగానే ఉందన్నాడు.

"నాకోసం ఎందుకు అబద్ధం ఆడితివి ఉస్తాద్?" అని అడిగాను.

"నేను ఇంక తోలేది లేదు గదా. నువ్వు తోలల్ల" అన్నాడు. చేతికర్ర తడిమి ఒళ్ళో పెట్టుకున్నాడు. "అయినా అబ్బీ, ఆ సాయంత్రం కనుమ దిగేదాకా కాచుకోని ఉన్నా, నువ్వు కాదంటావేమోనని."

ఆ మాట ఆయన కోపంగా అనలేదు. అని ఉంటే బాగుండేది.